పటిక పెట్టని చోటు

బోగోలు మండలం జువ్వలదిన్నె ఒడ్డున సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు, ఎగువన, మచిలీపట్నం. కుడిచేతి వైపు దుర్గరాజపట్నం. మొదటి రేవులో 1611లోనూ రెండోదానిలో 1626లోనూ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక కోఠీలు తెరిచింది. డచ్చివాళ్లు అంతకుముందే దిగారు. వాళ్లను ఇంతదూరం రప్పించింది మన అద్దకపు గుడ్డ.

ఆ పనితనం చూడండి. నేత గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు గీత చెదరకుండా కాస్తుంది. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీత. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు. తర్వాత చిరివేరుతో ఉడకేస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట్ల పట్టిన చాయను, గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి వదిలిస్తారు.

1643లో కంపెనీ లండన్ డైరెక్టర్లు సూరత్ కోఠీకి ఒక ఉత్తరం రాశారు. దుప్పట్లకు ముదురెరుపు నేల అందరికీ నచ్చడం లేదు, తెల్లనేల ఎక్కువ కావాలి, నడుమ పూలూ కొమ్మలూ మాత్రం చిత్రకారుడి ఇష్టం అని సారాంశం. ఆ చివరి మాటే నాకు ముచ్చటేస్తుంది. కొనేవాడి రుచి చెప్పారు, చేసేవాడి చేతిని కట్టెయ్యలేదు.

ఆ తెల్లనేల మోజు మన తీరానికీ చేరింది. తెలుపంటే రంగు వెయ్యకపోవడమేగా అనుకుంటాం. నిజానికి పని పెరిగింది: పటిక చుక్క పక్కకు జారకూడదు, నేలంతా మచ్చ లేకుండా తెల్లబడాలి. ఆ తెలుపు మీద గుట్టమీంచి మెలికలు తిరుగుతూ లేచిన చెట్టుకు పారశీకపు ఆకులూ చైనా పూలూ పూశాయి. అలాంటి చెట్టు ఏ ఊళ్లోనూ మొలవదు. అదే చెయ్యి పారశీకానికి మిహ్రాబు తోరణాలు వేసింది, సయాం కొలువుకు వాళ్ల నమూనాలు దించింది.

పరాయి సంస్కృతుల వాళ్లతో మెలిగే ఇలాంటి నేర్పు, ‘సాంస్కృతిక ప్రజ్ఞ’ గురించి 2003లో ఎర్లీ, ఆంగ్ అనే పరిశోధకులు పుస్తకమే రాశారు. ఆనాటి కోఠీల్లో ఆ పనికి దుబాసీని పెట్టుకునేవారు. కానీ దుబాసీ మాటను మాత్రమే దాటించగలడు. పరాయి ఇంటి రుచిని గుడ్డ మీదికి దాటించింది, పటిక ఎక్కడ పెట్టకూడదో ఎరిగిన అద్దకంవాడు.