భయం కూడా జబ్బే

నల్గొండ నీళ్లకు ఒక కొలత ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దాన్ని తీసే ఒక పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది. ఆ నీళ్లు హిందువు నడుమునూ వంచాయి, ముస్లిం నడుమునూ వంచాయి. మరి ముస్లిం ఒక్కడే రోజూ తాగాల్సొస్తున్న విషానికి కొలత ఏది?

ఆ విషం భయం. మన కవిత్వం దాన్ని ఎప్పుడో నమోదు చేసింది. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ మతకల్లోలాల్లో వంద మందికి పైగా చచ్చిపోయారు. ఆ మరుసటేడు ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. అస్తిత్వ ప్రకటన అన్నారు విమర్శకులు. కాదనం. కానీ పుట్టుమచ్చ ఉండేది ఒంటి మీద. 1998లో నల్గొండ బిడ్డ స్కైబాబ తెచ్చిన సంకలనం పేరు ‘జల్‌జలా’, అంటే భూకంపం. అందులో తిరుగుబాటు చూశారు. వణుకు ఎందుకు చూడలేదు?

ఆ 1990 కల్లోలాల మీదే సుధీర్ కాకర్ అనే మనోవిశ్లేషకుడు పాతబస్తీ హిందువులతో, ముస్లింలతో మాట్లాడి ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. అది శాస్త్రమైంది. మన కవుల గోడు మాత్రం ‘వాదం’గా మిగిలింది!

బెదిరిన మనిషికి గుండె దడ పుడుతుంది, నెత్తురు పోటెత్తుతుంది. అపాయం పోతే అవి తగ్గుతాయి. ఎన్నికలొచ్చినా, పండగ ఊరేగింపొచ్చినా బెదరాల్సిందే అయితే ఎప్పుడు తగ్గాలి? నిద్ర చెడుతుంది, బీపీ ముదురుతుంది. పగతో రగిలేవాడి గుండె మాత్రం చల్లగా ఉంటుందా?

2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ పేరు చెప్పి ‘కరోనా జిహాద్’ అన్నారు. రోగం వచ్చినవాణ్ణి ముద్దాయిని చేస్తే వాడు దవాఖానకు పోతాడా, దగ్గు దాచుకుంటాడా? దాచిన జబ్బు పక్కింటి హిందువు పిల్లకూ అంటుతుంది. ఆ డిసెంబర్‌లోనే ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీ తబ్లీగీలను నిర్దోషులంది. అప్పటికి ఆ మాట గల్లీగల్లీ తిరిగొచ్చింది.

సెక్యులర్ మిత్రులారా, మా కవిత్వాన్ని సానుభూతితో చదివారు, షుక్రియా. ఇప్పుడు డాక్టర్ రోగి మాట విన్నట్టు చదవండి. ఎక్కడ నొప్పి, ఎప్పట్నించి, ఎవరి వల్ల అని అడగండి. కృష్ణా నీళ్ల కోసం నల్గొండ జనం మతం చూడకుండా కొట్లాడారు. ఈ విషం మీద మమ్మల్ని ఒంటరిగా కొట్లాడమనడం న్యాయమేనా?