దాసరి పాట – దాసరి పాట్లు

ఇంటిపేరును వంశగౌరవంగా చదవడం మనకు అలవాటు. శ్రమ చరిత్రగా చదివినవారు తక్కువ. 'దాసరి' అనే ఇంటిపేరునే తీసుకుందాం.

దాసుడనేది భక్తుడు తన్నుతాను చెప్పుకునే మాట. దాని చివర 'అరి' చేరేసరికి అది కుమ్మరి, కమ్మరి సరసన నిలిచింది. భావం కాస్తా వృత్తి అయింది! శంఖం, జేగంట, ఇనుప దీపపు కంబం, రాగి భిక్షపాత్ర, హనుమంతుని బిళ్ళ – ఇవి ఆ వృత్తి పనిముట్లు. వీటిలో కడుపు నింపేది భిక్షపాత్ర ఒక్కటే.

దాసరుల పుట్టుక గురించి ఒక కథ ఉంది. థర్‌స్టన్ 1909 నాటి సంపుటాలలో దాన్ని ఎక్కించాడు. పిల్లలు లేని ఒక ధనిక శూద్రుడు, సంతానం కలిగితే ఒక కొడుకును దేవుడి సేవకు ఇస్తానని మొక్కుకున్నాడట. కొడుకులు పుట్టారు. దేవుడికి ఇచ్చినవాడు తండ్రి ఆస్తిలో వాటా పోగొట్టుకున్నాడు. అందుకే అతని సంతతి అంతా బిచ్చమెత్తుకుంటున్నదట! నా దృష్టిలో ఈ కథకు ప్రాణం మొక్కు కాదు, వాటా. భూమి లేకపోవడానికి భక్తిని కారణంగా చూపితే ఇక అడిగేవారెవరు? అన్నదమ్ములు ఆస్తి పంచుకున్న సంగతిని కథ నిశ్శబ్దంగా దాటేస్తుంది.

అన్నమయ్య (1408–1503) కూడా దేవుణ్ణి పాడినవాడే. ఆయన ఇంటిపేరు తాళ్లపాక, ఒక ఊరి పేరు. ఆయన పాటలు రాగిరేకులకెక్కి తిరుమల భాండారంలో భద్రంగా నిలిచాయి. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు గుడికి గ్రామాలనే సమర్పించగలిగాడు. అన్నమయ్య కవిత్వాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రాగి ఒకరికి రేకయింది, ఒకరికి భిక్షపాత్ర అయింది. సాహిత్య చరిత్ర రేకులను మాత్రమే లెక్కపెట్టింది. వీధిలో పాడినవాడు ఆ చరిత్రలో 'జానపదుడు' అయ్యాడు, అంటే పేరులేనివాడు.

'దాసరి పాట్లు పెరుమాళ్ళకెరుక' అన్న సామెతను వేళాకోళానికి వాడుతుంటాం. అందులో కనిపించేవి పాట్లే, పాట లేదు. వెనుకబడిన తరగతుల జాబితాలో కూడా దాసరి పేరు పక్కన కుండలీకరణంలో ఉన్నది పూర్వపు భిక్షాటన ప్రసక్తే. మాలదాసరులు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు.

ఇంతమాత్రాన ఈ ఇంటిపేరున్న ప్రతివారూ ఆ కులంవారని అనుకోరాదు. అది అనేక కులాలలో ఉంది. ఏ ఇంట్లో పాట ఎప్పుడు ఆగిపోయిందో, పేరు మాత్రమే ఎందుకు మిగిలిందో కులాలవారీగా, ఊళ్ళవారీగా వెదకవలసి ఉంది.