ఉమ్మడి వ్రాతయందు ఋణము, మర్యాద

“సొమ్మొకరిది, సోకొకరిది” యను సామెత నగలనుగూర్చియే కాదు, నేడు వ్రాతలనుగూర్చియు జెప్పదగియున్నది. వికీపీడియాలోని యొక వ్యాసమును అక్షరము పొల్లుపోకుండ దించుకొని, అడుగున “సేకరణ: అంతర్జాలము” అని వ్రాసి తృప్తిపడువారిని మేము తరచుగా జూచుచున్నాము. అంతర్జాలము వ్యాసములు వ్రాయదు, మనుష్యులు వ్రాయుదురు. ఆ మనుష్యులను మరచుటయే యీ పద్ధతిలోని మొదటి దోషము.

తెలుగున విజ్ఞాన సర్వస్వము నిర్మింపవలెనని కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు పూనుకొనిరి. 1923లో ఆయన గతించునాటికి ఆ మహాకార్య మసంపూర్ణముగనే యుండెను. ఒక పండితుని యాయువు చాలని పనిని వేలమంది చేతులకు బంచియిచ్చుటయే వికీపీడియా మార్గము. అది ఇంగ్లీషున 2001లోను, తెలుగున 2003లోను బ్రారంభమయ్యెను. జీతమును బిరుదును గోరక వ్రాయువారివలననే యది పెరుగుచున్నది.

అచ్చట వ్యాసము తలపై గ్రంథకర్త పేరుండదు. ఇది చూచి, ఆ వ్రాతకు సొంతదారులే లేరని కొందరు భ్రమపడుచున్నారు. ప్రతి పుటకును “చరిత్ర” యను వేరొక యాకు గలదు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట చేర్చిరో, ఏ మాట తీసివేసిరో యందు వర్తకుని చిట్టావలె వరుసగా నుండును. వ్రాసినవారు తమ హక్కును విడువలేదు. క్రియేటివ్ కామన్స్ షరతులతో నితరులకు ననుమతి నిచ్చిరి. ఎవరైనను దానిని వాడుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును గూడ. కాని మూలమును జెప్పవలెను, మార్పులు చేసినచో దెలుపవలెను, మార్చిన వ్రాతను మరల నదే షరతులతో నితరులకు విడువవలెను. వ్యాసము పేరును, దాని లంకెయు నిచ్చిన మొదటి ఋణము తీరును. ఇంత సులభమైన ఋణమును ఎగవేయుట కేమి కారణము చెప్పగలము?

ఇంటిలోనివారును దోషరహితులు కారు. ఇంగ్లీషు వ్యాసమును తెనిగించి, దిద్దుబాటు సారాంశమున నా మాట చెప్పనివారు గలరు. ఒక వ్యాసములోని భాగమును వేరొకదానిలో నతికించి మిన్నకుండువారును గలరు. మరికొందరు అచ్చుపుస్తకములోని పేరాలనే యెత్తివ్రాసి, క్రింద పుస్తకము పేరుంచి, ధర్మము నెరవేర్చితిమని తలంతురు. సంగతికి ఆధారము చూపుట వేరు, ఒకరి వాక్యములను దీసికొనుట వేరు. మన దేశమున గ్రంథకర్త గతించిన పిదప 60 సంవత్సరములవరకు హక్కు నిలిచియుండును. పేరు చెప్పినంతమాత్రమున దోపిడి దానము కానేరదు.

మర్యాద యీ ఋణమునకు దోబుట్టువు. క్రొత్తగా వచ్చిన యొక గృహిణి తన యూరి చెరువునుగూర్చి నాలుగు వాక్యములు వ్రాసినదనుకొందము. ఆధారము లేదని పాతకాపు వానిని దుడిచివేయును. తుడుచుట న్యాయమే కావచ్చును. కారణము చెప్పకపోవుట న్యాయము కాదు. సారాంశమున నొక్క వాక్యము, చర్చాపుటలో నొక్క పలకరింపు, క్రింద నాలుగు టిల్డెలతో సంతకము: ఇంతే కావలసినది. తెలుగు వికీపీడియావారు తమ సభాస్థలమునకు “రచ్చబండ” యని చక్కని పేరిడిరి. రచ్చబండకడ నెదుటివాని మాట వినకుండ తీర్పు చెప్పువానిని ఊరు మెచ్చునా? ఆమె మరల రాకపోయినచో ఆ చెరువు కథ వ్రాయువా రెవరు?

“జ్ఞానమందరిది, పేర్లతో బనియేమి?” అని కొంద రాక్షేపింతురు. జ్ఞానమందరిదే, శ్రమ యొక్కొక్కరిది. పైగా మూలమును జెప్పుట కీర్తికొరకు మాత్రమే కాదు. తప్పు దొరలినపు డెచ్చట దిద్దవలెనో, ఎవరి నడుగవలెనో తెలియుటకు నదియే దారి. మూలము చెప్పని వ్రాతలో తప్పునకు జవాబుదారి యుండడు.

కాబట్టి యీ శిక్షణము మన యిండ్లనుండియే మొదలు కావలెనని మా యభిప్రాయము. పాఠశాల పనికై పిల్లవాడు వికీపీడియానుండి దించుకొనునపుడు, వ్యాసము పేరును చూచిన తేదీని వ్రాయుమని తల్లిదండ్రులు చెప్పవలెను. ఆ తరువాత “చరిత్ర” పుటను దెరచి చూపి, ఇందరు నీకొరకు వ్రాసిరని చెప్పవలెను. ఆ పట్టిక చూచిన పిల్లవాడు “అంతర్జాలము వ్రాసినది” అని మరల ననడు.