కన్యాశుల్కమున అపరాధ పరిశోధనము

అపరాధ పరిశోధన కథ పాశ్చాత్య వాఙ్మయమునుండి మన భాషలకు వచ్చిన ప్రక్రియ. 1841లో ఎడ్గార్ ఆలన్ పో వ్రాసిన కథతో నది యారంభమైనదందురు. 1887లో కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును లోకమునకుఁ జూపెను. 1892లో ప్రియనాథ ముఖోపాధ్యాయుఁడు వంగభాషలో 'దారోగార్ దప్తర్' అను కథామాలికను ప్రారంభించెను. ఆ 1892వ సంవత్సరముననే విజయనగరమున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ప్రదర్శింపఁబడినది. అది 1897లో ముద్రితమై, 1909లో సమూలముగా మాఱి నేఁటి రూపము దాల్చినది. ఈ కాలసామ్యము యాదృచ్ఛికమే కావచ్చును. దానినిబట్టి యొకటి వేఱొకదానికి మూలమని చెప్పఁదగదు. ఐనను, ఈ నాటకమును సంస్కరణకృతిగాను హాస్యకృతిగాను మాత్రమే పఠించువారికి దాని చివరి భాగము శిథిలముగాఁ దోఁచుచుండుటకుఁ గారణ మొకటి కలదు. ఆ భాగము అపరాధ పరిశోధన కథగా నిర్మింపఁబడినది. ఆ పరిశోధనము ఒక వేశ్య యనురాగముతో ముడివడి యున్నది. ఈ రెంటిని విడఁదీసి చూచినచో నాటకమే విడిపోవును.

ముందుగా అభియోగ స్వరూపమును స్మరించుట మంచిది. అగ్నిహోత్రావధానులు తన చిన్న కూఁతురు సుబ్బిని వృద్ధుఁడైన లుబ్ధావధానులకు అమ్మ నిశ్చయించును. బాలిక మేనమామయగు కరటకశాస్త్రి యా పెండ్లిని తప్పింపఁదలఁచి, తన శిష్యుఁడగు మహేశమునకు ఆఁడువేషము వేసి, తాను గుంటూరు శాస్త్రి యను పేరు పెట్టుకొని, ఆ బాలునే తన కూఁతురని చెప్పి లుబ్ధావధానులకుఁ గట్టిపెట్టును. ఆ పెండ్లికి మధురవాణి కంటె యెరవుగాఁ దేఁబడును. పిమ్మట పెండ్లికూఁతురు మాయమగును. కంటెకై కలహము రేఁగును. లుబ్ధావధానులు భార్యను జంపెనని హత్యాభియోగము పుట్టును. హతురాలు లేదు, హంత లేఁడు, హత్యయు లేదు. వ్యాజ్యము మాత్రము నడచుచుండును.

పరిశోధన కథలలో సామాన్యముగా రహస్యము పాఠకునకుఁ దెలియదు. ఇచ్చట ప్రేక్షకుఁడు సర్వజ్ఞుఁడు, పరిశోధకులే యజ్ఞులు. రహస్యము చదువరికి మఱుఁగుపడినచో అద్భుతము పుట్టును. పాత్రలకు మాత్రమే మఱుఁగుపడినచో హాస్యము పుట్టును. పూజారి గవరయ్య తన మంత్రశాస్త్రముచే విచారించి, పెండ్లికూఁతురుగా వచ్చినది కామినీపిశాచమని నిర్ణయించి, దానిని సీసాలో బంధించితి నని చెప్పును. పోలీసులు తమ శాస్త్రముచే విచారించి, ఆమె చంపఁబడినదని నిర్ణయింతురు. తార్కికులు ఆశ్రయాసిద్ధమను హేత్వాభాసమునకు గగనారవిందమును ఉదాహరింతురు. ఆకాశమున పద్మమే లేనప్పుడు దాని పరిమళమును సాధింపఁబూనుట యెట్టిదో, లేని పెండ్లికూఁతురు చావును సాధింపఁబూనుటయు నట్టిదే. గవరయ్యకును పోలీసులకును గల భేదము సీసాకును చెఱసాలకును గల భేదము మాత్రమే.

ఈ యజ్ఞుల నడుమ నిజ మెఱిఁగినది మధురవాణి. విశాఖపట్టణమున సౌజన్యారావు పంతులు లుబ్ధావధానులను రక్షింప శ్రమపడుచుండును. అతఁడు వేశ్యాసంపర్కమును వర్జింపవలెనని వ్రతము పట్టిన న్యాయవాది. నిర్దోషిని కాపాడఁగల సాక్ష్యము వేశ్యయొద్ద నున్నది. ఆ వేశ్యను సమీపించుట యతనికి వ్రతభంగము. కథకుఁ బ్రాణమైన చిక్కు ఇదియే. మధురవాణి పురుషవేషమున నతని యింటికి వచ్చి, మాటకు మాట యిచ్చుచు, రహస్యమును కొంచెము కొంచెముగా విప్పుచు, నిజమునకు మూల్యముగా ఒక ముద్దు నడుగును. వేషధారణము, ప్రశ్నోత్తర చాతుర్యము, సమయము చూచి రహస్యమును వెల్లడించుట, ఇవి యన్నియుఁ బరిశోధకుని లక్షణములే. ఐతే హత్య లేదను సంగతి యామెకు ముందే తెలియును. ఆమె పరీక్షించుచున్నది పంతులుగారి హృదయమును. కన్యలను అమ్మువారిని, కొనువారిని, సంస్కర్త వేషమున నున్న గిరీశమును చూచిన యామెకు, లోకమున మంచివాఁడు నిజముగాఁ గలఁడా యనునదే తీఱని సందేహము.

పరిశోధన శబ్దమునకు మూలమైన 'శుధ' ధాతువునకు శౌచము అర్థము. వెదకుట యను నర్థము లోకవ్యవహారమున స్థిరపడినను, మాలిన్యమును తొలఁగించుట దాని మూలార్థము. శౌచము కొఱకు వేశ్యను దూరముంచిన గృహముననే వేశ్య వచ్చి శోధనము చేసినది. అచ్చటనే హత్యాభియోగపు బూటకము తేలినది. గిరీశము బండారము బయటపడినది. బుచ్చమ్మ యతని చేతినుండి తప్పి పూనా వితంతు శరణాలయమునకుఁ బోవు త్రోవ యేర్పడినది.

ఇచ్చట లాక్షణికుల నియమ మొకటి స్మరింపఁదగినది. రూపకమున గణిక నాయికయైనచో ఆమెను అనురక్తగనే చూపవలెననియు, ప్రహసనమున మాత్రము ఆ నియమము లేదనియు ధనంజయుఁడు దశరూపకమున విధించెను. గిరీశముతోడను రామప్పపంతులుతోడను మధురవాణి నడుపు వ్యవహారమున చాతుర్యమే కాని యనురాగము లేదు. అంతవఱకు కన్యాశుల్కము ప్రహసనము. సౌజన్యారావు నెదుట నిలిచిన మధురవాణి యనురక్త. ఆ క్షణమున ప్రహసనము ప్రకరణమగుచున్నది. చివరి యంకము శిథిలమని తలఁచువారు ఈ మార్పును గమనింపక, నవ్వు పూర్వమువలెనే సాగవలెనని కోరుచున్నారు.

ప్రకరణమనఁగానే మృచ్ఛకటికము స్ఫురించును. అందును నాయకుఁడు బ్రాహ్మణుఁడు, నాయిక గణిక. అందును ఆభరణములే సాక్ష్యములు. మైత్రేయుని యొద్దనుండి న్యాయసభలో జాఱిపడిన నగలు చారుదత్తుని దోషిని చేయును. అందును చచ్చినదనుకొన్న స్త్రీ బ్రతికి యుండును. శకారుని యబద్ధములు అందును నవ్వు పుట్టించును. ఐనను భేదములు రెండు కలవు. శూద్రకుని నాటకమున వసంతసేన వధ్యస్థానమునకు సకాలమున వచ్చుట దైవానుకూల్యము. గురజాడవారి నాటకమున నిజము మధురవాణి సంకల్పముచేత వచ్చును. అచ్చట క్రొత్త రాజైన ఆర్యకుఁడు వసంతసేనకు వధూశబ్దము ననుగ్రహించును. ఒక్క మాటతో గణిక కులవధువగును. మధురవాణి కట్టి శబ్దము నీయఁగల రాజు విశాఖపట్టణమున లేఁడు.

వేశ్యాత్వము వృత్తియే కాని జాతి గాదనియు, కావున నిందు కులపు గట్టు ప్రసక్తి లేదనియు నొక యాక్షేపము రావచ్చును. శాస్త్రమున నెట్లున్నను, తెలుఁగు నాట భోగమువారు, కలావంతులు అను పేళ్లతో నది పుట్టుకచేతనే నిర్ణీతమైన కులము. తల్లి వృత్తి కూఁతునకు సంక్రమించెడిది. ఆలయములకు బాలికల నర్పించు ఆచారమును మద్రాసు ప్రభుత్వము 1947లో శాసనముచే నిషేధించెను. కులము దాఁటిన యనురాగము గురజాడవారి మనస్సున మెదలుచుండిన విషయమే యనుటకు 'లవణరాజు కల' మఱియొక నిదర్శనము. యోగవాసిష్ఠములోని లవణుని కథను గైకొని, మాలపిల్లను వలచిన రాజును అందుఁ జూపిరి. కావ్యమున కలగాఁ జెప్పిన దానిని నాటకమున నవ్వు మాటునఁ జెప్పిరి.

మఱి యా యనురాగము ఫలింపదేల? పంతులు ముద్దు పెట్టుకొనఁబోవు క్షణమున మధురవాణియే వారించును. శీలవంతుని తనవలనఁ జెడనీయరాదనుట తల్లి యామెకు నేర్పిన ధర్మము. పరీక్ష ముగిసినది, మంచివాఁడు కలఁడని తేలినది. పంతులు ఆమెకు భగవద్గీత నిచ్చును. తన యింట స్థానము మాత్రము ఈయఁజాలఁడు. అందఱి చిక్కులు విప్పిన పరిశోధకురాలి చిక్కు విప్పబడక నిలిచినది. దీనిని కవి పిఱికితనమని యనువారు కలరు. వివాహముతో ముగించినచో 1909నాఁటి లోకముపై నాటకము అబద్ధపు సాక్ష్యము పలికి యుండెడిది. కూటసాక్ష్యములను పరిహసించిన కవి తాను కూటసాక్షి కాలేదు.

తరువాతి కాలమున కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరుఁడు తెలుఁగు పాఠకులకుఁ బరిచితుఁడయ్యెను. మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి 'చంటబ్బాయి' హాస్యమును పరిశోధనమును జతపఱచినది. జంధ్యాలగారు దానిని 1986లో చలనచిత్రముగాఁ దీసిరి. వీని ప్రయోజనము వీనికిఁ గలదు. కాని హాస్యము, పరిశోధనము, కులము దాఁటిన యనురాగము, ఈ మూఁడును ఒండొంటి నాశ్రయించి నిలుచుట కన్యాశుల్కముననే కాననగును.

ఈ విచారము కేవలము లక్షణచర్చ గాదు. 2022 మే నెలలో హైదరాబాదున, కర్మన్‌ఘాట్ పొరుగుననున్న సరూర్‌నగర్‌లో, అన్యమత కన్యను పెండ్లాడిన దళిత యువకుఁడొకఁడు భార్య కన్నుల యెదుటనే నడివీధిలోఁ జంపఁబడెను. అచ్చట నవ్వునకుఁ దావు లేదు. కన్యాశుల్కము మనలను నవ్వింపఁగలుగుట అందలి హత్య లేనిదగుటచేతనే. ఉన్న హత్యలకు హేతువైన గట్టు మాత్రము అందును యథాతథముగా నున్నది. కావున పాఠశాలలలో నీ నాటకమును బోధించు పండితులు గిరీశము మాటల చమత్కారముతో విరమింపక, చివరి యంకమును వ్యవహార క్రమమునఁ జదివింపవలెను. నిజ మెవరికిఁ దెలియును, వారి మాట వినుట కెవరికి నిషేధము, ఆ నిషేధ మెవరిని కాపాడినది, అను మూఁడు ప్రశ్నలు విద్యార్థి తనంతఁ దానడిగినచో, ఆ పాఠము సఫలమైనట్లే.