పోయిన కార్తీకం నీళ్ళు

తీర్థానికి పోతూ కొత్త బూట్లు కొన్నాను. అరవైకి దగ్గరపడిన మోకాళ్ళకు అండగా ఉంటాయని దుకాణంలో కుర్రాడు చెబితే నమ్మాను. పాపవినాశనం దాటి గంటైనా నడవకముందే కుడి మడమ మీద బొబ్బ లేచింది. నా ముందు పోతున్న అవ్వ మాత్రం చెప్పులు విప్పి గుడ్డసంచిలో వేసుకుని వట్టి కాళ్ళతో నడుస్తోంది. ఆ సంచిలో చెప్పులు కాక ఒక పొట్లం, ఒక నీళ్ళ సీసా. అంతే ఆమె సామాను. నా వీపు సంచి బరువు చెప్పడానికి సిగ్గేస్తోంది.

ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి. తిరుమల కొండల్లో తీర్థాలకు లెక్కలేదు గానీ, ముక్కోటి పేరుతో జనం అడవిలోకి నడిచేవి కొన్నే. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఆ తర్వాత తుంబురు. నా మోకాళ్ళ లెక్కలో చివరిదే గట్టిది. పాపవినాశనం నుంచి పోను ఏడు కిలోమీటర్ల పైమాటే, రాను మళ్ళీ అంతే. మామూలు రోజుల్లో ఆ దారిన పోనివ్వరు.

ఏడుకొండల మీద ఎండ తెలియదంటారు. గుడి చుట్టూ తిరిగేవాళ్ళకు తెలియకపోవచ్చు. లోయలోకి దిగితే గాలి ఆగిపోతుంది, రెండు వైపులా రాళ్ళు సెగ కక్కుతాయి. ఎర్రచందనం చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, కాబట్టి నీడ ఉన్నా జల్లెడ నీడే. బోదగడ్డి నడుమెత్తున ఎండి, గాలి తగిలితే గలగలమంటుంది. ఆ గడ్డిని చూసినప్పుడల్లా నాకు 2014 మార్చి గుర్తొస్తుంది. ఈ అడవులు రోజుల తరబడి తగలబడితే, ఆర్పడానికి హెలికాప్టర్లు నీళ్ళు మోసుకు రావాల్సి వచ్చింది. జేబులో అగ్గిపెట్టెతో ఈ దారిలోకి వచ్చేవాడి మీద నాకు జాలి లేదు.

సగం దూరంలో, వాగు రాళ్ళ మీద నేను జారాను. పడలేదు, ఒక చెట్టు కాచింది. వెనక్కి తిరిగి చూసిన అవ్వ అంది:

"ఏం నాయనా, అంతంత అడుగులు వేస్తా ఉండావే? తీర్థం యాడికన్నా పారిపోతాదా?"

నవ్వొచ్చింది గానీ ఆయాసంలో నవ్వలేకపోయాను.

"రాయి మీద కాలు పెట్టినాక రవ్వంతసేపు నిలబడు. అది కదిల్తే నీ కాలికే తెలుస్తాది. తెలిసినాకనే రెండోది ఎత్తు. బూట్లు వేసుకోనుంటే ఏం తెలుస్తాది, నా తలకాయ!"

ముప్పై ఏళ్ళుగా నడుస్తున్నాను, నడక గురించి ఎన్నోసార్లు రాశాను. కాలు పెట్టడానికీ బరువు వేయడానికీ మధ్య ఒక క్షణం ఉంటుందని నాకు తట్టలేదు. నేను కాలూ బరువూ ఒకేసారి వేస్తాను. రాయి కదిలిందని తెలిసేసరికి దాని మీదే ఉంటాను. అవ్వ అడుగు జానెడు. ముందు వేళ్ళు ఆనుతాయి, తర్వాత పాదం, ఆ తర్వాతే ఒళ్ళు కదులుతుంది. దిగేటప్పుడు కొంచెం పక్కకు తిరిగి దిగుతుంది, చేయి ఎప్పుడూ ఏదో ఒకదాన్ని తాకుతూనే ఉంటుంది. చూడ్డానికి నిదానం. కానీ ఆమె ఎక్కడా ఆగదు. నేను ఇరవై అడుగులు వేగంగా వేసి రెండు నిమిషాలు రొప్పుతుంటే, ఆమె పక్క నుంచి దాటి వెళ్ళిపోతోంది.

"ఎన్నోసారి అవ్వా రావడం?"

"లెక్క పెట్టలేదు. మా ఆయన ఉన్నప్పటి నుంచీ వస్తా ఉండా."

చెన్నై నుంచి వచ్చిన కుర్రాళ్ళు నలుగురు చేతి గడియారాల్లో అడుగులు చూసుకుంటూ మమ్మల్ని ఎప్పుడో దాటిపోయారు. వాళ్ళకు ఇది ట్రెక్. ఎగతాళి చేయబుద్ధి కాలేదు. చివర తాడు పట్టుకుని ఎక్కే బండ దగ్గర ఆగి, అవ్వకు చేయందించి పైకి లాగింది వాళ్ళే.

ఆ బండ తర్వాత కొండ రెండుగా చీలినట్టుంటుంది. రెండు నిలువు గోడలు, పైన సన్నగా ఆకాశం, మోకాలు దాటే నీళ్ళు. అంతసేపటి ఎండ ఒక్క అడుగులో తెగిపోతుంది. బూట్లు విప్పి మెడలో వేలాడేసుకున్నాను. లోపలికి పోయేకొద్దీ నీళ్ళు చల్లబడతాయి, మాటలు గోడలకు తగిలి వెనక్కొస్తాయి. ఆ చివర పడుతోంది ధార. వానాకాలంలో ఇక్కడికి మనిషి రాలేడు, వస్తే నిలవలేడు. ఫాల్గుణానికి అది సన్నబడి, కింద తల పెట్టనిస్తుంది.

నెలల తరబడి వాన లేని కొండలో ఈ నీళ్ళెక్కడివని చిన్నప్పుడు మా తాతను అడిగితే దేవుడి మహిమ అన్నాడు. తర్వాత చదువుకున్నది వేరు. ఈ కొండ పైభాగమంతా క్వార్ట్‌జైట్, ఒకప్పటి ఇసుక గట్టిపడి అయిన రాయి. రాయి గట్టిదే గానీ ఒళ్ళంతా పగుళ్ళు. ఆశ్వయుజ, కార్తీకాల్లో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు కురిపించే వాన ఆ పగుళ్ళలో దిగి, నెలల తరబడి ఊరుతూ కిందికొస్తుంది. 2021 నవంబరులో, కార్తీక పౌర్ణమి వేళ, అలిపిరి మెట్ల మీద నీళ్ళు ఉరకలేయడం అందరం ఫోన్లలో చూశాం. ఆ రోజు మెట్ల మీద పరుగెత్తిన నీళ్ళు ఎప్పుడో పోయాయి. రాతిలోకి దిగినవే ఫాల్గుణానికి ఇక్కడికి చేరాయి. ఈ ఏడు నా నెత్తిన పడుతున్నదీ పోయిన కార్తీకం వానే. తాత మాటకూ దీనికీ గొడవ పెట్టుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

స్థలపురాణం ఇంకా తమాషాగా ఉంటుంది. మాఘమాసంలో తెల్లవారుజామున స్నానానికి రానన్నందుకు తుంబురుడు భార్యను కప్పవై పొమ్మని శపించాడట. అగస్త్యుడు ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెకు విముక్తి దొరికిందట. మాఘంలో చన్నీళ్ళ స్నానం సంగతి తెలిసినవాణ్ణి, నా సానుభూతి ఆమెకే. భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఈ కోనలోనే గుహలో ఏళ్ళ తరబడి తపస్సు చేసిందంటారు. అది రెండు వందల ఏళ్ళ పైమాట. అప్పుడు తాడు లేదు, దారిలో మజ్జిగ పోసేవాళ్ళు లేరు. ఒంటరి ఆడమనిషి ఈ బండలు ఎలా దాటిందో, నీళ్ళలో నిలబడి ఆ గోడలు చూస్తూ చాలాసేపు అదే ఆలోచించాను.

తిరుగుదారిలో బూట్లు మళ్ళీ తొడగలేదు. మొదటి అరగంట ప్రతి గులకరాయికీ ఒక దండం పెట్టాను. తర్వాత జానెడు అడుగులు అలవాటయ్యాయి, అయినా అవ్వను అందుకోలేకపోయాను.

పాపవినాశనం చేరేసరికి ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతోంది. ఒళ్ళో సంచి, సంచిలో చెప్పులు అలాగే ఉన్నాయి. సీసా మాత్రం మూతదాకా నిండి ఉంది.