ప్యానెల్ వెనుక మూడు కిలోల పనితనం

సోలర్ అనగానే అందరి చూపూ డాబా మీద మెరిసే అద్దం మీదే పడుతుంది. నాకు మాత్రం దాని వీపున, నీడలో, ఇనుప ఛానెల్‌కు బిగించి ఉండే అల్యూమినియం పెట్టె మీద మక్కువ. పొడవు పాతిక సెంటీమీటర్లు, వెడల్పు పదిహేడు, మందం మూడు లోపే. బరువు మూడు కిలోలు. ఫ్యాను లేదు, మీట లేదు, తెర లేదు. దాని పేరు మైక్రో ఇన్వర్టర్. ఒకటో రెండో ప్యానెళ్లు పెట్టుకుని, వచ్చిన కరెంటును నేరుగా ఇంటి లైనులోనే కలుపుకునే చిన్న సోలర్‌కు ప్రాణం అంతా ఇందులోనే ఉంది. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా, ఆ పైన దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున ఇల్లున్నవాళ్లు దీన్ని కొనాలనుకుంటే ఏం చూసి కొనాలో చెప్పాలంటే, ముందు దీని లోపలి పనితనం చెప్పాలి.

ప్యానెల్ ఇచ్చేది నలభై వోల్టుల డీసీ. ఇంటికి కావలసింది 230 వోల్టుల ఏసీ, సెకనుకు యాభై సైకిళ్లు. పెట్టె లోపలి ట్రాన్సిస్టర్లు ప్యానెల్ కరెంటును సెకనుకు లక్షసార్ల వరకు తెంచి కలుపుతాయి. అంత వేగంగా తెంచడం వల్లే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అరచేతిలో ఇమిడే ఫెరైట్ ముక్కతో సరిపోతుంది. యాభై సైకిళ్ల మీద అదే పని చేయాలంటే కిలోల కొద్దీ ఇనుప రేకులు పేర్చాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు గుట్టలు గుట్టలుగా బయటికి వస్తుంది, సెకనుకు వంద గుట్టలు. చివర ఉన్న నాలుగు స్విచ్‌లు గుట్ట విడిచి గుట్టను తలకిందులు చేస్తాయి. అంతే, యాభై సైకిళ్ల అల తయారై ఇంటి లైనులో కలిసిపోతుంది. రకరకాల నిర్మాణాలున్నా చిన్న ఇన్వర్టర్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. ఇంత పనిలో పోయే కరెంటు నూటికి మూడు నాలుగు వంతులే.

ఒక ప్యానెల్‌కు ఒక ఇన్వర్టర్ అన్న ఆలోచన పాతదే. 1993లో నెదర్లాండ్స్‌లో సన్‌మాస్టర్ 130 అనే 130 వాట్ల ఇన్వర్టర్ వచ్చింది. 2006లో కాలిఫోర్నియాలో రఘు బేలూర్, మార్టిన్ ఫోర్నాజ్ ఎన్‌ఫేజ్ సంస్థ పెట్టి, 2008లో తొలి సరుకు అమ్మాక దీనికి మార్కెట్లో నిలకడ వచ్చింది. ఇప్పుడు హోయ్‌మైల్స్, ఏపీసిస్టమ్స్ లాంటి పేర్లూ వినిపిస్తున్నాయి. జర్మనీలో బాల్కనీకి ప్యానెల్ వేలాడదీసి ప్లగ్గు గుచ్చుకునే పద్ధతి ఊరూరా పాకింది. 2024 నుంచి అక్కడ ఇన్వర్టర్‌కు 800 వాట్ల దాకా అనుమతి ఉంది, 2025లో నమోదైనవి పది లక్షలు దాటాయి. అయితే వాళ్లు బాల్కనీకి నిలువునా కట్టిన ప్యానెల్ మనకు పనికిరాదు. భద్రాచలం పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దాటిన చోట ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. డాబా మీద దక్షిణానికి కొద్దిగా వాల్చి పడుకోబెట్టిన ప్యానెలే మనకు దిక్కు.

ఆ నడినెత్తి ఎండే ఇక్కడ అసలు పరీక్ష. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం పేర్లు ఎండల వార్తల్లో లేని సంవత్సరం ఉండదు. నలభై అయిదు డిగ్రీలు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. గాలి నలభై అయిదు ఉన్న రోజున ప్యానెల్ సెల్ డెబ్బైకి చేరుతుంది. దాని వీపు కింద ఈ పెట్టె ఉంటుంది.

వేడికి ముందుగా లొంగేది కెపాసిటర్. ప్యానెల్ కరెంటును సమంగా ఇస్తుంది, లైను సెకనుకు వంద గుట్టలుగా తీసుకుంటుంది. ఈ రెంటి తేడాను సెకనులో నూరో వంతు సేపు దాచి పెట్టేది కెపాసిటరే. నాలుగు వందల వాట్లకు ప్యానెల్ వైపు పది వేల మైక్రోఫారడ్ల మేర కావాలి. అంత దాచాలంటే చాలామంది తయారీదారులు వాడేది లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఆ ద్రవం వేడికి మెల్లగా ఇగిరిపోతుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, పది పెరిగితే సగం. ఇంజనీర్ల వాడుక లెక్క ఇది. 105 డిగ్రీల దగ్గర పది వేల గంటలు పనిచేసే కెపాసిటర్‌ను తీసుకోండి. అది 85 డిగ్రీల్లో ఉంటే నలభై వేల గంటలు వస్తుంది. రోజుకు పదకొండు గంటల లెక్కన పదేళ్లు. అదే 75 డిగ్రీల్లో ఉంటే ఇరవయ్యేళ్లు, 65లో ఉంటే నలభై. ఇన్వర్టర్ ఒకటే. ప్యానెల్‌కూ డాబాకూ మధ్య గాలి ఆడేలా మూడడుగుల ఎత్తు స్టాండు కట్టారా, రేకుల మీద అంటించినట్టు బిగించారా అన్నదాన్ని బట్టి దాని వయసు మారిపోతుంది.

అందుకే మంచి మైక్రో ఇన్వర్టర్ లోపలంతా రబ్బరులాంటి పాటింగ్ పదార్థం పోసి నింపుతారు. అది రెండు పనులు చేస్తుంది: వేడిని భాగాల నుంచి అల్యూమినియం పెట్టె గోడకు చేరవేస్తుంది, గోదావరి వానాకాలపు తేమను లోపలికి రానివ్వదు. డబ్బా మీద ఐపీ67 అని రాసి ఉంటే దుమ్ము చొరబడదని, కాసేపు నీళ్లలో మునిగినా లోపల తడవదని అర్థం. ఒకసారి పోశాక ఇక విప్పి బాగుచేయడం కుదరదు. ఆ సంగతి తెలిసే తయారీదారు పన్నెండేళ్లో, ఇరవై అయిదేళ్లో వారంటీ రాస్తాడు. ఆ మాట మీద నిలబడే సర్వీసు మనిషి ఖమ్మంలోనో, వరంగల్‌లోనో ఉన్నాడా అన్నది కొనేవాడు ముందే తేల్చుకోవాలి.

ఇక ఎంత వాట్లది కొనాలి? 550 వాట్ల ప్యానెల్‌కు 550 వాట్ల ఇన్వర్టరే ఉండాలని దుకాణంలో అంటారు. ఒప్పుకోకండి. ఆ 550 అన్నది సెల్ ఇరవై అయిదు డిగ్రీల్లో ఉన్నప్పటి లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి నూటికి 0.35 వంతు చొప్పున శక్తి పడిపోతుంది. డెబ్బై డిగ్రీల దగ్గర దాదాపు పదహారు వంతులు పోయి 463 వాట్లే మిగులుతాయి. దుమ్ము, తీగల నష్టం తీసేస్తే ఇంకా తక్కువ. 450 వాట్ల ఇన్వర్టర్ ఆ ప్యానెల్‌కు చక్కగా సరిపోతుంది. చలికాలపు ఒకటి రెండు గంటల్లో కొద్దిగా కత్తిరించినా నష్టం స్వల్పం. ఒక్క మెలిక మాత్రం గుర్తుంచుకోండి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ లెక్కలో ప్యానెళ్ల సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం రెంటిలో తక్కువదాన్నే తీసుకుంటారు. కిలోవాటుకు 30 వేల రూపాయల సబ్సిడీ కావాలనుకుంటే ఆ లెక్క చూసుకునే ఇన్వర్టర్ ఎంచుకోవాలి.

వాట్ల కన్నా ముఖ్యం వోల్టులు, ఆంపియర్లు. 550 వాట్ల ప్యానెల్ దేనికీ కలపకుండా ఉన్నప్పుడు సుమారు 49.5 వోల్టులు చూపిస్తుంది. చలికి వోల్టులు పెరుగుతాయి. అడవి అంచున జనవరి తెల్లవారుజామున పది డిగ్రీలు ఉందనుకుంటే 51.5కు చేరుతుంది. ఇన్వర్టర్ 60 వోల్టుల దాకా తట్టుకుంటే చలి వల్ల భయం లేదు. మేలో పనిచేసే వోల్టేజీ 35, 36కు దిగుతుంది. ఇన్వర్టర్ పట్టుకునే పరిధిలో అది హాయిగా ఇమడాలి. ఆంపియర్ల దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. కొత్త పెద్ద ప్యానెళ్లు పదమూడు ఆంపియర్లు ఇస్తాయి. పాత తరం ఇన్వర్టర్లు కొన్ని పదకొండున్నరకే ఆగిపోతాయి. కాలిపోదు గానీ, డబ్బు పెట్టి కొన్న ఎండ అంతమేర చేతికి రాదు. ప్యానెల్ వెనుక స్టిక్కర్‌నూ ఇన్వర్టర్ స్టిక్కర్‌నూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే రెండు నిమిషాల పని.

ఇక చెట్టు నీడ సంగతి. ఈ ప్రాంతంలో చింతో, మామిడో, ఇప్పో నీడ పడని ఇల్లు అరుదు. ప్యానెళ్లను వరుసగా కలిపి ఒకే పెద్ద ఇన్వర్టర్‌కు ఇస్తే, ఒకదాని మీద పడిన నీడ వరుస మొత్తం రాబడిని దెబ్బతీస్తుంది. మైక్రో ఇన్వర్టర్ ఉంటే దేని లెక్క దానిదే. మిట్ట మీద, రోజంతా ఎండ తగిలే డాబా అయితే ఈ లాభం ఏమీ ఉండదు. అక్కడ అదనపు ఖర్చు పెట్టమని నేను చెప్పను.

ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది అది ఆగే తీరు. గాలివాన వచ్చి టేకు కొమ్మ లైను మీద పడుతుంది. కరెంటు పోతుంది. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, ఏబీ స్విచ్ దించి, స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో మన డాబా మీద ప్యానెల్ ఇంకా కరెంటు తోస్తూ ఉంటే? వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ వైపు నుంచి ఇచ్చినా ఒకటే. కింది నుంచి 230 వోల్టులు వెళితే పైన వేల వోల్టులు పుడతాయి. తీగ చచ్చిందనుకుని చేయి వేసిన మనిషి ప్రాణం పోతుంది.

మరి లైనులో కరెంటు ఉందో లేదో, తనే లైనులోకి కరెంటు పంపుతున్న ఇన్వర్టర్‌కు ఎలా తెలుస్తుంది? చాలా ఇన్వర్టర్లు దీనికి ఒక సొగసైన ఉపాయం వాడతాయి. తాము పంపే అలను లైను అలకన్నా వెంట్రుకవాసి ముందుకు నెడుతూనే ఉంటాయి, ఆపకుండా. వెనుక మొత్తం గ్రిడ్ ఉన్నంతసేపూ ఆ తోపుకు ఏదీ కదలదు, వీధిలో నిలబడ్డ రాములవారి రథాన్ని చిన్నపిల్లాడు భుజంతో నెట్టినట్టే. గ్రిడ్ తెగిపోయిన క్షణం మాత్రం అల ఆ తోపుకు జరిగిపోతుంది. యాభై సైకిళ్లు దారి తప్పుతాయి. ఇన్వర్టర్‌కు అర్థమవుతుంది, వెనుక ఎవరూ లేరని. రెండు సెకన్ల లోపు ఆగి, రిలే తెరిచి, తనను తాను లైను నుంచి విడదీసుకుంటుంది. కరెంటు తిరిగి వచ్చాక కూడా కనీసం ఒక నిమిషం లైను నిలకడగా ఉందని చూసుకుని గానీ మళ్లీ కలవదు. వోల్టేజీ 230లో 110 శాతం దాటినా, అంటే 253 పైకి పోయినా, 80 శాతం కిందికి పడిపోయినా అంతే, తప్పుకుంటుంది. పొడుగాటి పదకొండు కేవీ లైను చివర ఉండే మన పల్లెల్లో వోల్టేజీ ఊగడం మామూలే కాబట్టి, అప్పుడప్పుడు ఇన్వర్టర్ ఆగితే పాడైందని అనుకోవద్దు. తన పని తాను చేస్తోంది.

ఈ రిలే విషయంలో రాజీ పడిన ఉదాహరణా ఉంది. జర్మనీలో అమ్ముడవుతున్న చైనా తయారీ మైక్రో ఇన్వర్టర్ ఒకదానిలో ఉండాల్సిన రిలే అసలు లేదని 2023లో బయటపడింది. తయారీదారు ఆనక విడిగా తగిలించే రిలే పెట్టెలు ఇవ్వాల్సి వచ్చింది. రిలే ఉన్నదీ లేనిదీ బయటికి ఒకేలా కనిపిస్తాయి, ధర తక్కువదే చేతికి ముందు తగులుతుంది. మన దేశంలో ఈ ఆగే గుణాన్ని పరీక్షించే ప్రమాణం ఐఎస్ 16169. ఇన్వర్టర్ భద్రతకు ఐఎస్ 16221. ఆ కాగితాలు చూపలేని సరుకును, ఆన్‌లైన్‌లో ఎంత చవగ్గా దొరికినా, ముట్టుకోకండి.

ప్లగ్గు సంగతీ చెప్పాలి. గోడ సాకెట్‌లో గుచ్చితే సరిపోతుందన్న మాట వినడానికి బాగుంటుంది. 800 వాట్లంటే మూడున్నర ఆంపియర్లు. బోర్డులోని 16 ఆంపియర్ల ఎంసీబీ పైనుంచి వచ్చేదాన్నే లెక్కపెడుతుంది. అదే తీగలోకి సాకెట్ వైపు నుంచి వచ్చి చేరే మూడున్నర దానికి కనపడదు. తీగ మీద పంతొమ్మిదిన్నర పారినా ఎంసీబీ ఊరుకుంటుంది. పాత ఇళ్లలో ఫ్యూజులో రాగి పోగులు చుట్టి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి మెయిన్ బోర్డు నుంచి డాబా మీదికి విడిగా ఒక లైను, దానికి సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ, పిడుగుల కోసం సర్జ్ అరెస్టర్ ఉండాలి. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తింగ్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉండాలి, నేల ఎండితే ఎర్తు సరిగ్గా పనిచేయదు. తీగలను పైపులో నడపండి, కోతులకు వేలాడే తీగ చాలు.

అనుమతి లేకుండా ఇవేవీ పెట్టకూడదు. గ్రిడ్‌కు సోలర్ కలపాలంటే ఇక్కడ విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి, నెట్ మీటర్ వేయించుకోవాలి. మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు, దొంగతనం ఆపడం కోసం, కరెంటు ఎటు పారినా వాడకంగానే రాసుకుంటాయి. దొంగచాటుగా ప్లగ్గు గుచ్చినవాడు తాను పంపిన కరెంటుకు తానే బిల్లు కడతాడు.

ఎవరికి వద్దో కూడా చెప్తాను. 800 వాట్ల సోలర్ నెలకు తొంభై, వంద యూనిట్లు ఇస్తుంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికి దీనివల్ల రూపాయి మిగలదు. గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లో వెలుగు కోసం కొంటే నిరాశే, ఎందుకంటే లైను పోగానే ఇదీ ఆగుతుంది. 2021లో వచ్చిన ఎన్‌ఫేజ్ ఐక్యూ8 లాంటివి, తగిన నియంత్రణ పెట్టె జోడిస్తే, గ్రిడ్ లేకున్నా పగలు నడుస్తాయి. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ఇక కరెంటు స్తంభమే రాని గూడేలకు గ్రిడ్‌తో జోడీ కట్టే ఇన్వర్టర్‌తో పని లేదు. వాళ్లకు బ్యాటరీ సోలర్ కావాలి. పోడు పట్టా భూములకు సోలర్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం 2025 మేలో మొదలైంది. ఆ పంపుల డ్రైవ్ కూడా ఒక ఇన్వర్టరే, కాకపోతే అది ఏ గ్రిడ్‌నూ అడగకుండా మోటారును తిప్పుతుంది.

నెలకు మూడు వందల యూనిట్లు దాటి, వేసవిలో ఏసీ వేసుకుని, డాబా మీద చెట్టు నీడ పడే ఇల్లు మీదైతే మైక్రో ఇన్వర్టర్ మీకోసమే. కొనేముందు అమ్మే మనిషిని ఐఎస్ 16169 సర్టిఫికెట్ అడగండి. బిగించాక, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, మీ ఎదుటే మెయిన్ ఆఫ్ చేయించి ఇన్వర్టర్ వెంటనే ఆగిందో లేదో టెస్టర్‌తో చూపించమనండి. చూపించాకే మిగతా డబ్బు ఇవ్వండి.