మోచేతి కింద గాలి, చేతిలో కర్ర

ఐర్లండ్ పడమటి తీరాన క్లేర్ కౌంటీ. దాని ముఖ్య పట్టణం ఎన్నిస్. వేసవిలో శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక అక్కడ ఏ పాత పబ్బు తలుపు తోసినా ముందు వినిపించేవి కబుర్లే. ఓ మూల చిన్న బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. ఒకరి ఒళ్లో ఫిడేలు, ఇంకొకరి మోకాలి మీద కాన్సర్టీనా అనే చిన్న గాలిపెట్టె. వేదిక లేదు, మైకు లేదు, ఎదుట స్వరాల కాగితం లేదు. వర్షం గురించో గడ్డి కోతల గురించో మాట్లాడుకుంటుండగానే ఒకరు వాద్యం ఎత్తి ఏదో బాణీ అందుకుంటారు. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే కలుస్తారు. తెలియనివాళ్లు వాద్యం ఒళ్లో పెట్టుకుని వింటారు. దీన్ని వాళ్లు సెషన్ అంటారు.

చూడటానికి ఇంత తీరుబాటుగా ఉన్నా సెషన్‌కు గట్టి మర్యాదలున్నాయి. బాణీ ఎత్తుకున్నవారిదే వేగం. దాన్ని పక్కనున్నవాళ్లు తరమకూడదు. తెలియని బాణీని తడుముకుంటూ వాయించకూడదు. ఒక్కో బాణీలో సాధారణంగా రెండు భాగాలు, ఒక్కో భాగం ఎనిమిది ఆవర్తాలు, ఒక్కోటీ రెండేసి సార్లు. మూడు సార్లు తిరగ్గానే, ఎత్తుకున్నవారు ఆపకుండా మరో బాణీలోకి దూకుతారు. ఆ దూకే క్షణంలో శ్రుతి మారితే గది మొత్తం ఒక్కసారి నిటారుగా కూర్చుంటుంది. రీల్ అయితే నాలుగు మాత్రల నడక, జిగ్ అయితే మూడు మూడుగా విరిగే తిశ్రం. ఇవన్నీ పుట్టింది నాట్యం కోసం. అందుకే కుర్చీల్లో కూర్చుని వింటున్నవాళ్ల పాదాలు కూడా ఊరుకోవు.

ఈ సంగీతాన్ని మొదటిసారి విన్న తెలుగు చెవికి, ముఖ్యంగా కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవికి, అన్ని బాణీలూ ఒకేలా ఉన్నాయనిపించడం సహజం. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. మనం గమకం కోసం వెతుకుతాం, అది దొరకదు. మన గమకం స్వరాన్ని ఊపుతుంది, సాగదీస్తుంది, పక్క స్వరాల మీదుగా నడిపిస్తుంది. ఐరిష్ అలంకారం స్వరాన్ని కోస్తుంది. దాని పేరే కట్. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే, మధ్యలో పై స్వరపు వేలిని కనురెప్ప పాటు కదిపి వదిలేస్తారు. ఆ వేలి స్వరం విడిగా వినపడిందంటే కట్ తప్పినట్టే. అక్కడ ఒక చిన్న అంచు మాత్రమే తగలాలి. పైనుంచి ఒక కట్, కింది నుంచి ఒక తట్టు, ఒకే స్వరం మూడు ముక్కలు: ఇది రోల్. పొడవైన రోల్ మూడు చిన్న మాత్రల కాలంలో ముగుస్తుంది. ఎక్కడ రోల్ వేయాలో, ఎక్కడ స్వరాన్ని ఊరికే నిలబెట్టాలో ఎవరూ రాసిపెట్టరు. మొదటి తిరుగుడులో వేసినచోటే రెండోసారీ వేస్తే పెద్దలకు రుచించదు. బాణీ అందరిదీ, ఆ చిన్న చిన్న కోతలు మాత్రం ఎవరివి వారివి.

ఇవన్నీ ఎందుకు పుట్టాయో తెలుసుకోవాలంటే ఇలిన్ పైప్స్ దగ్గరకు వెళ్లాలి. ఐరిష్ భాషలో ఆ మొదటి మాటకు మోచేతికి సంబంధించినది అని అర్థం. స్కాట్లండ్ బ్యాగ్‌పైప్‌లా దీన్ని నోటితో ఊదరు. ఒక మోచేతి కింద కొలిమి తిత్తి లాంటిది చిన్నది నడుముకు కట్టి ఉంటుంది, రెండో చంక కింద తోలు సంచి. తిత్తి ఆడిస్తే సంచిలోకి గాలి చేరుతుంది, సంచి నొక్కితే అది గొట్టాల్లోకి పోతుంది. మన జానపద ప్రదర్శనల్లో శ్రుతి పట్టే తోలు తిత్తిని చూసినవాళ్లకు ఇది దూరపు చుట్టంలా కనిపిస్తుంది. అయితే మన తిత్తి శ్రుతికే పరిమితం. ఇక్కడ శ్రుతి గొట్టాలు మూడు, బాణీ పలికే చాంటర్ ఒకటి, వీటికి తోడు ఒళ్లో అడ్డంగా పరిచిన రెగ్యులేటర్లు అనే మూడు గొట్టాలు. చాంటర్ మీద రెండు చేతుల వేళ్లూ పనిలో ఉండగా, మణికట్టు అంచుతో రెగ్యులేటర్ల మీటలు నొక్కి తాళానికి స్వరాల గుత్తులు అందిస్తారు. కూర్చుని ఉన్న ఒక్క మనిషి మోచేతులు, వేళ్లు, మణికట్టు, తొడ అన్నీ వేర్వేరు పనులు చేస్తుంటాయి.

తొడ అన్నది ఊరికే కాదు. చాంటర్ చివరను తొడ మీది తోలు ముక్కకు ఆనించి, వేళ్లన్నీ మూస్తే దాని ధ్వని పూర్తిగా ఆగిపోతుంది. గాలి సంచి ఉన్న వాద్యాల్లో నిశ్శబ్దం దొరకడం అపురూపం. మామూలుగా వాటిలో గాలి ఆగదు కాబట్టి స్వరం ఆగదు. ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలంటే వేలితో కోయక తప్పదు. ఫిడేలు, ఫ్లూటు వాయించేవాళ్లు ఈ కోతలను పైప్స్ నుంచే నేర్చారని అక్కడి వాద్యకారుల నమ్మకం. క్రాన్ అనే అలంకారమైతే సూటిగా దీనిలోంచే వచ్చింది. చాంటర్ అట్టడుగు స్వరానికి కింద తట్టడానికి ఇంకో రంధ్రం లేదు, అంటే రోల్ కుదరదు. దానికి బదులు పై వేళ్లను ఒకదాని వెంట ఒకటి వేర్వేరుగా విదిలిస్తారు. ఆ అడుగు స్వరం అప్పుడు మరిగే నీళ్లలా బుడబుడమంటుంది. ఒక లోటును పూడ్చబోయి ఇంత అందాన్ని సంపాదించారు.

పైపర్ కావాలంటే ఏడేళ్లు నేర్చుకోవాలి, ఏడేళ్లు సాధన చెయ్యాలి, ఏడేళ్లు వాయించాలి అని ఓ నానుడి ఉంది. క్లేర్ తీరాన మిల్‌టౌన్ మాల్బేకు చెందిన విలీ క్లాన్సీ పగలు వడ్రంగి పని చేస్తూనే ఆ ఏళ్లన్నీ ఈ వాద్యానికి ఇచ్చాడు. ఆయన 1973లో పోయాడు. అదే ఏడు ఆయన పేరిట ఆ ఊళ్లో వేసవి పాఠశాల మొదలైంది. ఇప్పటికీ ప్రతి జూలైలో బడి గదుల్లో, ఇళ్ల వరండాల్లో పాఠాలు చెబుతారు. గురువు ఒక పాదం వాయిస్తారు, పిల్లలు తిరిగి వాయిస్తారు. మన సంగీతం పాఠంలాగే. ఇలిన్ పైప్స్ వాదనాన్ని యునెస్కో 2017లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

చెవితో నేర్చే విద్యను కాగితం మీదికి ఎక్కించినవాళ్లకూ ఇందులో భాగముంది. కార్క్ కౌంటీలో పుట్టి వలసపోయి, షికాగో నగర పోలీసు అధిపతిగా ఎదిగిన ఫ్రాన్సిస్ ఓనీల్ తోటి వలసదారుల నోటి నుంచి, వేళ్ల నుంచి బాణీలు సేకరించి 1903లో 1,850 బాణీల సంపుటం తెచ్చాడు. ఇక్కడ మనకు బాగా దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో పుట్టి, డబ్లిన్‌లో సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ తరవాత భర్త జేమ్స్ కజిన్స్‌తో మదనపల్లె చేరింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి థియొసాఫికల్ కళాశాలలో బస చేసి ‘జన గణ మన’ పాడినప్పుడు, విన్న బాణీని స్వరలిపిలో పెట్టింది ఆమే. విన్నది వినడంతోనే పట్టుకోవడం ఎంత విలువైన నేర్పో మన మదనపల్లెకూ తెలుసు.

అయితే కాగితానికి గానీ రికార్డుకు గానీ ఒక ప్రమాదం ఉంది. స్లైగో కౌంటీ ఫిడేలు విద్వాంసుడు మైఖేల్ కోల్మన్ న్యూయార్క్‌లో 1920ల నుంచి రికార్డులిచ్చాడు. అద్భుతమైన వాదనం. ఆ రికార్డులు సముద్రం దాటి తిరిగి పల్లెలకు వచ్చాక, ఐర్లండ్ నలుమూలలా కుర్రాళ్లు కోల్మన్ స్లైగో శైలినే అనుకరించడం మొదలెట్టారు. డోనెగాల్ పదునైన కమాను విసురు, తూర్పు క్లేర్ నిదానపు నడక, కార్క్-కెర్రీ సరిహద్దుల్లోని స్లీవ్ లూహ్ర పోల్కాలు కాస్త పక్కకు జరిగాయి. అవి పూర్తిగా పోకుండా మిగిలాయంటే, పొలం పని చేసుకుంటూ పక్కింటి పిల్లలకు తమ ఊరి పద్ధతే నేర్పిన మనుషులే కారణం. రికార్డు అంటే నాకు గౌరవమే. పక్కింటివారి మీద మాత్రం అంతకంటే ఎక్కువ ప్రేమ.

ఆదివారం మధ్యాహ్నానికి ఆ పబ్బులు ఖాళీ. జనమంతా మైదానం గట్ల మీద ఉంటారు. రాత్రి ఫిడేలు పట్టిన చేతుల్లో కొన్ని ఇప్పుడు కమాన్ పడతాయి. కమాన్ అంటే హర్లింగ్ అనే ఆట ఆడే కర్ర. హాకీ కర్ర కన్నా దీని తల వెడల్పు, చదును. యాష్ చెట్టు మొదలు నుంచి దీన్ని చేస్తారు. కాండం వేరులోకి వంపు తిరిగే చోట కలపలోని నార కూడా వంగుతుంది. ఆ వంపునే కర్ర తలగా మలుస్తారు. నార అడ్డంగా తెగితే ఒక్క దెబ్బకే తల ఊడిపోతుంది. అందుకని కర్ర కోసేవారు చెట్టును పైనుంచి నరకరు, వేళ్ల దాకా తవ్వి తీస్తారు. పాతికేళ్లు పెరిగిన చెట్టు కావాలి. 2012లో ఐర్లండ్‌లో బయటపడ్డ యాష్ ఎండు తెగులు ఈ చెట్లను దారుణంగా తింటోంది. ఇప్పుడు వెదురుతో, కృత్రిమ పదార్థాలతో చేసిన కర్రలూ వాడుకలోకి వచ్చాయి. అవి బాగానే ఆడతాయి. కానీ రెండు యాష్ కర్రలు గాల్లో ఢీకొన్నప్పుడు వచ్చే చప్పుడు కోసం మ్యాచ్‌కు వెళ్లేవాళ్లున్నారు.

బంతిని స్లిటర్ అంటారు. లోపల బెండు, పైన రెండు తోలు ముక్కలు, వాటిని కలిపిన చోట పైకి లేచిన కుట్టు. బరువు 110 నుంచి 116 గ్రాములు. నేల మీదున్న బంతిని చేత్తో తియ్యకూడదు. పరుగెత్తుతూనే కర్రతో చిమ్మినట్టు లేపి చేతిలోకి తీసుకోవాలి. చేతిలో నాలుగడుగులకు మించి ఉంచుకోకూడదు. ఇక అక్కణ్ణించి కర్ర తల మీద బంతిని గుడ్డులా నిలబెట్టుకుని, ఎదుటివాళ్ల కర్రల మధ్య నుంచి పూర్తి వేగంతో దూసుకుపోతారు. గిల్లీని గాల్లోకి లేపి మళ్లీ కొట్టడంలో చేయి, కన్ను ఎలా కలవాలో మన ఊళ్లలో బిళ్లంగోడు ఆడినవాళ్లకు తెలుసు. దాన్నే పదిహేను మంది పదిహేను మందితో, ఒకరి మీద ఒకరు పడుతూ, డెబ్బై నిమిషాలు ఆడటం ఊహించుకోండి. 2010 నుంచి శిరస్త్రాణం తప్పనిసరి. ఆడవాళ్లు ఆడే రూపాన్ని కమోగీ అంటారు.

గోలు స్తంభాలు ఇంగ్లిషు ‘హెచ్’ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. కౌంటీ జట్ల మధ్య జరిగే ఆల్ ఐర్లండ్ పోటీలో 2024 ఫైనల్ అదనపు సమయం దాకా సాగింది. క్లేర్ 3 గోల్స్ 29 పాయింట్లు, కార్క్ ఒక గోలు 34 పాయింట్లు. లెక్క వేస్తే 38, 37. ఒక్క పాయింటు తేడాతో క్లేర్ గెలిచింది. ఇదే క్లేర్ 1914లో గెలిచాక మళ్లీ కప్పు ఎత్తడానికి 1995 దాకా ఎదురుచూసింది. అది 81 ఏళ్లు.

డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 80 వేల పైచిలుకు జనం చూస్తుండగా ఆడే ఆ ఆటగాళ్లకు జీతం లేదు. బడిపంతుళ్లు, రైతులు, వడ్రంగులు, విద్యార్థులు. వేలం పాటలో కొనడం, అమ్మడం లేవు. సాధారణంగా ఎవరు ఎక్కడ పుట్టి పెరిగారో ఆ పారిష్ (చర్చి పరిధి) క్లబ్బుకే, ఆ కౌంటీకే ఆడతారు. మన దగ్గర క్రికెట్ ఆటగాళ్ల ధరలు విని అలవాటైన నాకు ఈ ఒక్క సంగతి చాలు, ఈ ఆట మీద గౌరవం కలగడానికి. హర్లింగ్ కూడా 2018లో యునెస్కో జాబితాకెక్కింది.

ఆటా పాటా ఇలా ఒకే వారాంతంలో, ఒకే మనుషుల దగ్గర కలవడం వెనక చరిత్ర ఉంది. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని ఓ హోటలు గదిలో కొద్దిమందితో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టింది. ముందు నిలిచింది క్లేర్‌లోనే పుట్టిన బడిపంతులు మైఖేల్ క్యూసాక్. పరాయి పాలనలో తమ ఆట మాసిపోతే తమ ఊరి పేరు కూడా మాసిపోతుందని ఆయన బాధ. అదే సంస్థ 1969లో ‘స్కోర్’ పేరుతో పాట, వాద్యం, నాట్యం, కథ చెప్పడంలో పోటీలు పెట్టింది. క్లబ్బు జెర్సీ వేసుకునే పిల్లలే ఆ పోటీల్లో పాడతారు, ఆడతారు. సంగీతం వైపు నుంచి, 1951లో కోల్తస్ అనే సంస్థ మల్లింగర్ పట్టణంలో ఒక వారాంతం వాద్యకారులందరినీ పిలిచింది. ఇప్పుడు ఫ్లా క్యోల్ అనే పేరుతో ఏటా ఆగస్టులో వారం రోజులు జరిగే మహా ఉత్సవానికి అది బీజం. 2016, 2017 ఏళ్లలో అది ఎన్నిస్‌లోనే జరిగింది. అందులో పోటీలున్నాయి, మార్కులున్నాయి. మార్కుల కోసం పిల్లలంతా ఒకే తీరున వాయిస్తారేమోనన్న భయం అక్కడి పెద్దలకూ ఉంది, నాకూ ఉంది. కానీ పోటీ గదిలోంచి బయటికొచ్చిన పదేళ్ల పిల్ల వీధి అరుగు మీద తాత వయసు మనిషి పక్కన కూర్చుని వాయించడం మొదలెట్టాక మార్కుల ఊసే ఉండదు.

ఇళ్లలో నాట్యాలకు ఒకప్పుడు గట్టి దెబ్బే తగిలింది. 1935లో వచ్చిన నాట్యశాలల చట్టంతో లైసెన్సు లేని చోట బహిరంగ నాట్యం నేరమైంది. వంటింటి బండల మీద జరిగే నాట్యాలు చాలావరకు ఆగిపోయాయి. నాలుగు జంటలు కలిసి ఆడే సెట్ నాట్యం మాత్రం క్లేర్‌లో బతికింది. అక్కడ నర్తకులు నేల మీద పాదాలతో దరువేస్తారు. బ్యాటరింగ్ అంటారు దాన్ని. కుదిరిన జంట వేసే అడుగులు డప్పు మీద పుల్ల పడినట్టు స్పష్టంగా వినిపిస్తాయి. ఆదివారం రాత్రి, మ్యాచ్ గెలిచినా ఓడినా, హాలు నిండుతుంది.

అర్ధరాత్రి దాటి వాద్యాలు పెట్టెల్లోకి వెళ్లాక, ఎవరో ఒకరిని పాడమంటారు. ఐరిష్ భాషలో పాడే ఆ పాత పద్ధతి పేరు షాన్ నోస్. తోడు వాద్యం ఉండదు, తాళం ఉండదు. కళ్లు మూసుకుని, గొంతు పెంచకుండా, ఒక్కో చరణాన్ని ఒక్కో తీరున మలుపు తిప్పుతూ పాడతారు. పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కోసారి పాడేవారి చేయి పట్టుకుని, పాట నడకతో పాటు మెల్లగా తిప్పుతూ ఉంటారు. గ్లాసులు కూడా చప్పుడు చెయ్యవు. చివరి చరణం చివరి మాటల దగ్గరకొచ్చేసరికి రాగం ఆగిపోతుంది. ఆ మిగిలిన రెండు మూడు మాటలను మామూలు గొంతుతో, పక్కవారితో చెబుతున్నట్టు చెప్పేసి, గాయకుడు కళ్లు తెరుస్తాడు.